రికార్డుకెక్కని తలూపు

నూట పన్నెండో పేజీలో కింది నుంచి ఆరో వరుస. లాయరు రెన్‌ఫ్రో ఆ వరుస కింద పెన్సిల్‌తో గీత గీసి, కాగితాన్ని బల్ల మీద లావోన్ వైపు తిప్పింది.

"చదువమ్మా."

లావోన్ తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ చదివింది.

ప్రశ్న: ఆ గురువారం సాయంత్రం మీ ఆయన ఇంట్లోనే ఉన్నాడా?
(సమాధానం లేదు.)
ప్రశ్న: సరే. ఇక నేను అడిగేదేమీ లేదు.

"ఇదేంటి మేడమ్? నేను తలూపాను కదా!"

"ఊపావేమో. కోర్టులో టైపు చేసే ఆవిడ, సాక్షి నోట్లోంచి వచ్చిన మాటే కొడుతుంది. నువ్వు తలూపినప్పుడు 'నోటితో చెప్పమ్మా' అని జడ్జి అనాలి. అనలేదు. మీ ఆయన తరఫున నిలబడ్డ ఆ మహానుభావుడన్నా అనాలి. ఆయనకి భోజనం వేళయినట్టుంది, పోయి కూర్చున్నాడు."

"జ్యూరీలో పన్నెండుమందీ చూశారండీ."

"చూశారు. చూసి కూడా దోషి అన్నారు. ఇప్పుడు మన అప్పీలు వినే ముగ్గురు జడ్జీలూ అట్లాంటాలో ఉంటారు. వాళ్ళు నిన్ను చూడరు, డెల్మార్‌ని చూడరు. ఈ కాగితాలు చూస్తారు. ఇందులో ఉంటే జరిగినట్టు. లేకపోతే లేనట్టే."

లావోన్ మొగుడు డెల్మార్‌కి పన్నెండేళ్ళ శిక్ష పడింది. రోడ్డు పక్కన కాటా పెట్టుకుని, అక్రోటులాంటి పెకాన్ కాయలు కొనే హార్లన్ టీగ్ అనేవాడు, పెద్దపెద్ద తోటల్లో కాయలు బస్తాలకెత్తించి, ఊళ్ళోవాళ్ళు ఏరి తెచ్చినట్టు చూపించి దాటించేవాడు. పట్టుబడ్డాక అతని మనుషుల్లో ఒకడు తన శిక్ష తగ్గించుకోవడానికి ఏడుగురి పేర్లు చెప్పాడు. అందులో డెల్మార్ పేరొకటి. డెల్మార్ టీగ్‌కి కాయలు అమ్మిన మాట నిజమే. అవి రోడ్డంచున ఏరినవి. కంచె దాటి రోడ్డు వైపు పడ్డ కాయ ఏరుకున్నవాడిదే. ఆ చుట్టుపక్కల తాతల నాటి నుంచీ అంతే. తోటల యజమానులు కూడా కారాపి, పిల్లలెలా ఉన్నారని పలకరించి పోతారు. కాని కోర్టులో ఆ ఆనవాయితీ చెల్లలేదు. అది ఒక దొంగతనం అయింది. రెండోది, ఆ గురువారం సాయంత్రం ఆరుకీ ఎనిమిదికీ మధ్య క్రమ్లీ తోటలో లారీకెత్తిన అరవై బస్తాలు. రెండు దొంగతనాలు కలిస్తే ముఠా కట్టిన నేరం కూడా వచ్చి నెత్తిన పడింది.

"ఆ గురువారం ఊడితే ముఠా నేరమూ ఊడుతుంది," అంది రెన్‌ఫ్రో. "అతను ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నాడని ఒక్క సాక్ష్యం ఉన్నా చాలు, ఆ సంగతి కూడా ఆలోచించండని జడ్జి జ్యూరీకి చెప్పి తీరాలి. ఆయన చెప్పలేదు. మన అప్పీలంతా అదే. దానికి ప్రభుత్వం వాళ్ళేమని రాశారో తెలుసా? సాక్ష్యం ఎక్కడుంది, సొంత భార్యే నోరెత్తలేదు కదా, అని."

సొంత భార్యే నోరెత్తలేదు. ఆ మాట లావోన్‌తో పాటే లేచి, మెట్లు దిగి, కారులో పక్క సీట్లో కూర్చుంది.

"రికార్డు దిద్దమని ఇక్కడి జడ్జినే అడుగుతాను," అని ఆమె మెట్ల మీద ఉండగానే లాయరు వెనక నుంచి కేకేసింది. "విచారణ పెడతారు. నువ్వు చెప్పాల్సింది ఒక్కటే మాట. తలూపాను, అంతే. అంతకు మించి ఒక్క అక్షరం వద్దు."

*

నవంబరు నెల. రేకుల ఇంటి మీదికి పెకాన్ చెట్టు కొమ్మలు వంగి ఉన్నాయి. కాయ పండి పడ్డప్పుడల్లా పైకప్పు మీద 'టక్' మంటుంది. కాసేపు దొర్లుతుంది. మళ్ళీ నిశ్శబ్దం. లావోన్ ఏ పని చేస్తున్నా ఆ చప్పుడుకి చెయ్యి ఆగిపోయేది. ఎవరో తలుపు కొట్టి, తీసేలోపు వెళ్ళిపోయినట్టుండేది.

ముందుగదిలో కిటికీ దగ్గర అత్తగారు ఒపాల్ కుర్చీ ఉంది. దాని వీపు మీద ఆవిడ పాత చొక్కాల ముక్కలతో కుట్టిన బొంత ఉంది. ఒపాల్ పోయి రెండున్నరేళ్ళయింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కాని కూర్చోరు.

కూతురు మెర్సీకి రెండేళ్ళు నిండాయి. ఇంతవరకు ఒక్క మాట లేదు. పాలు కావాలా అంటే తలూపుతుంది. నిద్రొస్తోందా అంటే తలూపుతుంది. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు, కొందరు పిల్లలకి ఆలస్యమవుతుందన్నారు. లావోన్‌కి మాత్రం ఇంకో సంగతి తెలుసనిపించేది. ఆ రోజు బోనులో తన గొంతులో ఆగిపోయిన మాట కడుపులోకి దిగి, ఆ రాత్రే పుట్టిన పిల్ల నోటికి అడ్డం పడిందని.

"మళ్ళీ ఊపుతోంది చూడు," అంది జ్యువెల్ పిన్ని. ఆవిడ ఒపాల్‌కి చెల్లెలు, లావోన్ కోళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు పిల్లని చూసుకుంటుంది. "ఎవరికే బంగారూ ఊపుతున్నావు?"

మెర్సీ కుర్చీకేసి చూస్తోంది. ఎవరో ఏదో అడిగినట్టు, నెమ్మదిగా, రెండుసార్లు తలాడించింది.

"మా అక్కే అయ్యుంటుంది. బతికున్నన్నాళ్ళూ ప్రశ్నలతో నన్ను చంపింది, ఇప్పుడు దీన్ని పట్టుకుంది. ఆ కుర్చీ షెడ్డులో పడెయ్యవే అంటే వినవు." జ్యువెల్ చేతిలో ఉన్న కాయని ఇంకో కాయతో నొక్కి పగలగొట్టింది. "ఇంతకీ లాయరమ్మ ఏమంది?"

లావోన్ చెప్పింది.

"ఓస్, ఇంతేనా! తలూపావా లేదా?"

"ఊపాను పిన్నీ."

"మరింకేం? వెళ్ళి ఊపానని చెప్పు. నా మూడో మొగుడు పందొమ్మిదేళ్ళు తలూపుతూనే కాపురం చేశాడు, ఒక్కటీ రికార్డుకెక్కలేదు. నీదొక్కటి ఎక్కితే పిల్లాడు ఇంటికొస్తాడు."

లావోన్ నవ్వబోయింది. పైన కాయ పడింది. నవ్వు ఆగిపోయింది.

తలూపిన మాట నిజం. కాని ఆ ప్రశ్నకి కాదు.

ఆ క్షణం ఆమెకి రోజూ తిరిగొస్తుంది. చెక్క బోను, తొమ్మిదో నెల కడుపు, అప్పటి లాయరు నోరు కదులుతోంది. సరిగ్గా అప్పుడే నడుములోంచి మొదటి నొప్పి వచ్చింది. బల్ల వెనక కూర్చున్న డెల్మార్ అది చూశాడు. కనుబొమలెత్తి కళ్ళతోనే అడిగాడు, బాగానే ఉన్నావా అని. బాగానే ఉన్నానని ఆమె తలూపింది. లాయరు అది తన ప్రశ్నకనుకుని కూర్చున్నాడు.

మరి ఆ ప్రశ్నకి జవాబేమిటి? అదే తెలియదు ఆమెకి.

ఆ గురువారం ఆమె, చర్చి నిధుల కోసం పెట్టే అమ్మకానికి పెకాన్ మిఠాయి చేస్తోంది. రెండు పూటల డ్యూటీ చేసి వచ్చింది. పొయ్యి మీద పాకం పెట్టి, గరిటె చేతిలో ఉండగానే ఒక్క నిమిషం కూర్చుందామని అత్త కుర్చీలో వాలింది. అప్పటికి ఆరు కాలేదు. లేచేసరికి తొమ్మిది దాటింది. ఒంటి మీద బొంత కప్పి ఉంది. పొయ్యి ఆర్పి ఉంది. డెల్మార్ మంచం మీద నిద్రపోతున్నాడు, ఒపాల్ తన గదిలో నిద్రపోతోంది. ఎవరు కప్పారని అడగాల్సిన అవసరం అప్పుడు లేదు. నాలుగు నెలల తరవాత పోలీసులొచ్చి డెల్మార్‌ని తీసుకుపోయాకే ఆ బొంత సంగతి బరువెక్కింది. ఒపాల్‌ని అడుగుదామనుకునేలోపే ఆవిడకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది, వారం తిరక్కుండా పోయింది. డెల్మార్‌ని అడుగుదామంటే జైలు ఫోన్లో ప్రతిసారీ ఒక ఆడగొంతు ముందే చెబుతుంది, మీ మాటలు రికార్డవుతున్నాయి అని. కలవడానికి వెళ్తే అద్దం వెనక మాటలూ అంతే. కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడొద్దని లాయర్ల హెచ్చరిక. వెధవ పాకం గురించి అడిగినా దాన్ని ఎవరెలా తిప్పుతారోనని భయం.

అదొక్కటే భయం కాదు. జవాబంటే కూడా భయం. బొంత కప్పింది ఒపాలే అయితే, డెల్మార్ ఆ మూడు గంటలూ ఎక్కడున్నట్టు?

అందుకని కుర్చీని అడిగేది. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, వెనక్కి తిరక్కుండా, "నువ్వేనా అత్తా కప్పింది?" అనేది. కుర్చీ పలికేది కాదు. మెర్సీ తలూపేది.

*

విచారణ రోజు కోర్టు గదిలో పదిమంది కూడా లేరు. డెల్మార్‌ని నడుముకీ చేతులకీ గొలుసులతో తీసుకొచ్చారు. సన్నబడ్డాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. అతనింకా ముప్ఫై ఒకటిలో ఉన్నాడు.

పాత లాయరు హట్టో ముందు చెప్పాడు. "ఊపిందండీ, నాకు బాగా గుర్తు. గట్టిగానే ఊపింది." టైపు చేసే ఆవిడ తన మెషిన్ మాటలే రాస్తుందని చెప్పింది. తరవాత లావోన్ వంతు. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

రెన్‌ఫ్రో అడిగింది. "ఆ ప్రశ్న అడిగినప్పుడు మీరు ఏం చేశారు?"

"తలూపాను."

"థాంక్యూ. అంతే జడ్జిగారూ."

అంత తేలికా, అనుకుంది లావోన్. లేవబోయింది. ప్రభుత్వం తరఫు కుర్ర లాయరు చెయ్యెత్తాడు. మొహం మీద చిరునవ్వుంది, పక్కింటి పిల్లాడిలా ఉన్నాడు.

"ఒక్క మాటమ్మా. ఎవరి వైపు చూసి ఊపారు? మిస్టర్ హట్టో వైపా, జ్యూరీ వైపా?"

టైపు చేసే ఆవిడ వేళ్ళు గాలిలో ఆగి ఉన్నాయి. ఆ రోజు ఆ వేళ్ళు ఆమె నోటికోసం ఆగనే లేదు. ఈ రోజు ఆగాయి. హట్టో వైపు అని చెబితే చాలు, రెండు క్షణాల పని. కాని చెప్పని మాట ఒకటి రెండేళ్ళుగా తన ఇంట్లో కుర్చీ వేసుక్కూర్చుంది. దాని పక్కనే ఒక అబద్ధానికి ఇంకో కుర్చీ వేసి, ఆ రెండింటి మధ్య పిల్లని పెంచడం ఎలాగో ఆమెకి తోచలేదు.

"మా ఆయన వైపు."

"ఎందుకని?"

"నొప్పులు మొదలయ్యాయండీ. బాగానే ఉన్నావా అని ఆయన కళ్ళతో అడిగాడు. బాగానే ఉన్నానని ఊపాను."

"అంటే, అడిగిన ప్రశ్నకి కాదు."

"కాదండీ."

వేళ్ళు కదిలాయి. టకటకటక. రేకు మీద కాయలన్నీ ఒక్కసారే పడ్డట్టు.

రెన్‌ఫ్రో లేచి నిలబడింది. "జడ్జిగారూ, అయితే ఆ ప్రశ్నకి ఆమె సమాధానమేమిటో ఇప్పుడు అడగనివ్వండి."

"ఆ ప్రశ్న ఈ రోజుది కాదు మిస్ రెన్‌ఫ్రో," అన్నాడు జడ్జి. మాటలో కోపం లేదు. "ఆ రోజు ఈ గదిలో ఏం జరిగిందన్నదొక్కటే ఈ రోజు పని."

*

వరండాలో డెల్మార్‌ని పట్టుకొచ్చిన పోలీసు డెప్యూటీ, జ్యువెల్ పిన్ని వెళ్ళే చర్చిలో పాటలు పాడే మనిషి. "నా బూటు లేసు ఊడింది," అన్నాడు గోడకేసి చూస్తూ. "కట్టుకోవడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. నడుం నొప్పి మనిషిని." అని కాస్త దూరంగా వంగాడు.

"నొప్పని నాకప్పుడే తెలుసు వోన్," అన్నాడు డెల్మార్. "నీ మొహం చూశాగా. నిజమే చెప్పావులే. ఏడవకు."

ఇక్కడ ఏ మెషినూ లేదు. ఆమె గొంతు తగ్గించింది. "ఆ గురువారం నేను కుర్చీలో నిద్రపోయాను. లేచేసరికి బొంత కప్పి ఉంది."

"అవును. మిఠాయి రోజు."

"ఎవరు కప్పారు?"

డెల్మార్ వింతగా చూశాడు. "ఎవరు కప్పడమేంటి? నేనే. అమ్మ చీకటి పడకముందే పడుకుంది. నేనొచ్చేసరికి పాకం మాడు వాసన. పొయ్యి ఆర్పాను. నీ చేతిలో గరిటె ఉంది, లాగితే వదలవు! ఒక్కొక్క వేలూ విప్పాల్సొచ్చింది. సింకు నిండా గిన్నెలున్నాయి, అందుకని కిటికీ గట్టు మీద పెట్టాను."

మర్నాడు పొద్దున గరిటె కిటికీ గట్టు మీద దొరికింది. దానికి చీమలు పట్టి ఉన్నాయి. అక్కడికెలా వెళ్ళిందో ఆమెకి అర్థం కాలేదు. ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు, కుర్చీకి కూడా.

"ఎన్నింటికొచ్చావు?"

"ఆరున్నర. మరి కదల్లేదు. నీ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని కాయలు ఒలిచాను, రెండు గిన్నెలు. పొద్దున చూళ్ళేదూ?" అంటూనే అతని మొహం మారింది. నెమ్మదిగా, గదిలో ఒక్కొక్క దీపం తీసేస్తున్నట్టు. "వోన్. ఇన్నాళ్ళూ నువ్వు... నేను ఇంట్లో లేననుకున్నావా?"

ఆమె తలూపింది.

"నోటితో చెప్పు."

ఆమె పెదాలు కదిలాయి. డెప్యూటీ దగ్గి, నిలబడ్డాడు. గొలుసులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాయి. డెల్మార్ మలుపు దగ్గర వెనక్కి చూస్తాడనుకుంది. చూడలేదు.

ఆమె పరిగెత్తి, కారు తలుపు తీస్తున్న రెన్‌ఫ్రోని పట్టుకుంది. గరిటె, కిటికీ, చీమలు, రెండు గిన్నెల కాయలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. లాయరు కారు కప్పు మీద చెయ్యి ఆనించింది.

"నేను నమ్ముతున్నానమ్మా."

"అయితే రాయండి మేడమ్. ఇదంతా రాసి అట్లాంటా పంపండి."

"ఎక్కడ రాయను? ఆ రోజు ఎవరూ అనని మాట అప్పీల్లోకి రాదు. పోనీ కొత్త సాక్ష్యం దొరికిందందామంటే, అతనికి ఇది మొదటి నుంచీ తెలుసు. తెలిసినదాన్ని కొత్తగా దొరికిందని ఎలా అంటాం? పాత కేసొకటి బయటికొస్తుందని హట్టో అతన్ని బోనెక్కనివ్వలేదు. నీతో చెప్పించొచ్చు కదా అనుకున్నాడు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మీరిద్దరూ ఒక్కసారన్నా మాట్లాడుకుని ఉంటే..."

"మాట్లాడొద్దన్నారు కదండీ."

లాయరు కళ్ళద్దాలు పెట్టుకుని కారెక్కింది.

*

మార్చిలో అట్లాంటా నుంచి తీర్పు వచ్చింది. పదకొండు పేజీలు. లావోన్ వేలు పెట్టుకుని తనని వెతుక్కుంది. ఏడో పేజీలో దొరికింది. సాక్షి భర్త వైపు తల ఆడించినట్టు రికార్డు దిద్దబడింది. అడిగిన ప్రశ్నకు మాత్రం సమాధానం లేదు. గురువారం దొంగతనం శిక్ష ఖాయం, ముఠా నేరం శిక్ష ఖాయం.

ఇంట్లో ఒక మార్పొచ్చింది. కుర్చీలో ఇప్పుడెవరూ లేరు. ఒపాల్ ఆ సాయంత్రం పెందలాడే పడుకుంది, ఆవిడకి ఏమీ తెలియదు, ఆవిడని అడిగేదేమీ లేదు. బొంత కూడా ఉత్త బొంతే. దానికి బదులు నేల మీద, కుర్చీ కాళ్ళ దగ్గర, ఒక మనిషి కూర్చుని కాయలు ఒలుస్తున్నాడు. లావోన్ అటు నడిచినప్పుడల్లా అతన్ని తొక్కకుండా అడుగు పక్కకి వేసేది. మెర్సీ కూడా అలాగే తప్పుకుని నడవడం ఒకరోజు చూసి, చేతిలో గిన్నె వదిలేసింది.

డెల్మార్ నాలుగు నెలలు ఫోన్ చెయ్యలేదు. ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. తీర్పు వచ్చిన రెండో ఆదివారం, చర్చి నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా మోగింది. ఆడగొంతు ఎప్పటిలాగే చెప్పింది, ఈ సంభాషణ రికార్డవుతోంది అని. ఇన్నాళ్ళూ ఆ మాట వినగానే నోరు కట్టేసుకునేది.

"వోన్," అన్నాడు అటునుంచి. అంతే.

"ముందు నన్ను చెప్పనియ్యి," అంది. మాట గట్టిగానే వచ్చింది. "ఇది రికార్డవుతోందిగా, అవనీ. ఆ గురువారం సాయంత్రం నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఆరున్నరకి వచ్చావు. పొయ్యి ఆర్పావు. నా వేళ్ళు విప్పి గరిటె తీసి కిటికీలో పెట్టావు. నాకు బొంత కప్పావు. నేను నమ్మలేదు. నేనే నమ్మలేదు డెల్మార్. తప్పు నాది. నువ్వు ఇంట్లోనే ఉన్నావు."

మెర్సీ వచ్చి ఆమె మోకాలు పట్టుకుని నిలబడింది, ఫోన్‌కేసి చూస్తూ.

అటు నుంచి ఏ చప్పుడూ లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. వెనకెక్కడో ఇనుప తలుపు మూసుకుంది. ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

తలూపుతున్నాడేమో. ఫోన్లో తెలియదు కదా.